మసక ఏల్‌కు తొమ్మిది ముక్కులు

2022 జూలైలో నన్ను నాణ్యతా పరీక్షశాల నుంచి పైలట్ బ్రూహౌస్‌కు సాంకేతిక సలహాదారుగా బదిలీ చేశారు. పదవీ విరమణకు ఏడాదిన్నర మిగిలి ఉంది. మా బీరు కర్మాగారం మలయ్ దేశంలో, సెలంగోర్ రాష్ట్రంలో, క్లాంగ్ వైపు వెళ్లే రహదారి పక్కన ఉంది. పైలట్ బ్రూహౌస్ దానికి చిన్న నకలు. ఐదు వందల లీటర్ల పాత్రలతో, కొత్త రకం బీరును అమ్మకానికి ముందు కాచి చూసే గది.

అంతకు ముందు ఇరవై తొమ్మిదేళ్లు నేను కెమిస్టుగా, ఆ తరువాత సీనియర్ కెమిస్టుగా పనిచేశాను. నా విధుల్లో ప్రధానమైనది మసకను పట్టుకోవడం. వడపోసిన బీరు గుండా కాంతిని పంపి, అది ఎంత చెదిరిందో ఒక మీటరు మీద చదువుతాము. ఆ అంకె ఒకటి దాటితే ఆ ట్యాంకు సీసాల విభాగానికి వెళ్లదు. వెళ్లకుండా ఆపే సంతకం నాది. అటువంటి నాకు హెడ్ బ్రూవర్ లిమ్ అప్పగించిన కొత్త పని, కావాలని మసకగా ఉండే పేల్ ఏల్‌ను తయారు చేయడం.

ఏల్ అంటే కొంచెం వెచ్చని ఉష్ణోగ్రత దగ్గర పులియబెట్టే బీరు. లిమ్ కోరినది లేత పసుపు రంగులో, నారింజ రసంలా మసకగా, పండ్ల వాసనతో ఉండాలి. అయితే అందులో ఒక్క చుక్క పండ్ల రసం కూడా పడకూడదు. వాసనంతా హాప్స్ నుంచే రావాలి. హాప్స్ ఒక తీగ పువ్వులు. వాటిని ఎండబెట్టి, పొడిచేసి, ఆకుపచ్చని గుళికలుగా నొక్కి, గాలి తీసిన రేకు సంచులలో పంపుతారు. మాకు అవి పోర్ట్ క్లాంగ్‌లో శీతల కంటైనర్ల నుంచి దిగేవి. బీరుకు చేదు ఇచ్చేదీ అవే, వాసన ఇచ్చేదీ అవే. ఇక మాల్ట్ అంటే మొలకెత్తించి ఆరబెట్టిన ధాన్యం. రంగు, చిక్కదనం, మసక దాని నుంచి వస్తాయి.

ఈ తరహా ఏల్‌కు పేరు తెచ్చింది ఇంట్లో బీరు కాచుకునే ఔత్సాహికులు. అందుకని లిమ్ వాళ్లు వాడే ఇరవై లీటర్ల కెటిలే తెప్పించి, కర్మాగారం లైసెన్సు కింద పైలట్ గదిలోనే పెట్టించాడు. మూడు కాపులు, అంటే మూడుసార్లు కాచి చూడడం, అనుమతించాడు. మా రుచి బృందంలో తొమ్మిది మంది. తొమ్మిదికి సగటున ఏడు మార్కులు వస్తే ఐదు వందల లీటర్లు కాస్తాము. డిసెంబరు ముగిసేలోగా రాకపోతే పైలట్ గదిని ఖాళీ క్యాన్ల గోదాముగా మారుస్తారు.

నాకు అది బదిలీ మాత్రమే. గౌరికి అంతకన్నా ఎక్కువ. గౌరి ఆ గదిలో కాంట్రాక్టు టెక్నీషియన్. వయసు ముప్పై నాలుగు. తండ్రికి కువాలా సెలంగోర్ దగ్గర కొద్దిపాటి పామాయిల్ తోట ఉంది. ఆమె క్యానింగ్ లైన్‌లో రాత్రి షిఫ్టు ఆపరేటరుగా చేరి, లోపలి పరీక్షలు రెండు గట్టెక్కి బ్రూహౌస్‌కు వచ్చింది. కాంట్రాక్టు డిసెంబరు 31తో ముగుస్తుంది. గది నిలిస్తే అసిస్టెంట్ బ్రూవర్‌గా పర్మనెంటు. గది పోతే మళ్లీ క్యానింగ్ లైన్. ఈ సంగతి ఆమె నాకు మొదటి రోజే చెప్పింది. అందరి ముందు నన్ను సార్ అనేది, ఇద్దరమే ఉన్నప్పుడు మావయ్యా అనేది. చుట్టరికమేమీ లేదు. ఆ కర్మాగారంలో తెలుగు మాట్లాడేవాళ్లం మేమిద్దరమే.

మొదటి కాపు ఆగస్టు తొలి వారంలో జరిగింది. మా ఫ్యాక్టరీ అలవాటు ప్రకారం, పేల్ మాల్ట్‌కు తోడు ఎనిమిది శాతం క్రిస్టల్ మాల్ట్ కలిపాము. ఇది కొద్దిగా మాడ్చిన పాకం రుచిగల మాల్ట్. తేనె రంగు ఆంబర్ బీర్లకు వెన్నెముక వంటిది. బృందం ఇచ్చిన సగటు 4.8. నేను అంకె చూస్తూ ఉండగా గౌరి గ్లాసు దించింది.

“మావయ్యా, కోపగించుకోకండి లా. పళ్ళ బీరు సెయ్యమన్నారు, మనం బెల్లం పానకం సేసినాం.”

మాట చివర ‘లా’ తగిలించడం ఇక్కడి అలవాటు. ఆమె మాట నిజమే. పాకం రుచి హాప్స్ వాసన మీద దుప్పటి కప్పింది. క్రిస్టల్ మాల్ట్‌ను పూర్తిగా తీసేయాలని అప్పుడే నిర్ణయమయింది. దాని స్థానంలో చదును చేసిన ఓట్స్, గోధుమ మాల్ట్ వాడాలి. నోటికి మెత్తదనమూ కంటికి మసకా వాటి నుంచి వస్తాయి.

హాప్స్ ఎంపిక మాత్రం అంత తేలికగా తేలలేదు. శీతల గదిలో ఐదు రకాలు ఉన్నాయి. ఒక్కొక్క రకం గుళికలు రెండు గ్రాములు నలిపి, అరవై డిగ్రీల నీటిలో వేసి, మూత పెట్టి, బృందానికి నల్ల గ్లాసులలో వాసన చూపించాము. రంగు కనబడితే ముక్కు కంటి మాట వింటుంది కనుక నల్ల గ్లాసులు. పరీక్ష భోజనానికి ముందే జరగాలి. అత్తరు పూసుకోకూడదు, సంబాల్ అనే మిరప పచ్చడి తిని రాకూడదు. ఈ క్రమశిక్షణలో లోపం లేదు. అయినా వచ్చిన ఫలితం నా ఉద్యోగంలో నేను చూసినవాటిలో అత్యంత చెల్లాచెదరైనది. మూడో నంబరు హాప్‌కు ఇద్దరు ఏప్రికాట్ అన్నారు, ఇద్దరు గూస్‌బెర్రీ, ఇద్దరు బ్లాక్‌కరెంట్, మిగిలినవారు తలొకటి. ఐదు రకాలలో ఏ ఒక్కదానికీ ఒకే మాట ఇద్దరిని మించి చెప్పలేదు.

ఆ మాటలన్నీ విదేశంలోని మా ప్రధాన కార్యాలయం నుంచి వచ్చిన పత్రంలో అచ్చయి ఉన్నవి. నేను బృందంలోని సెలీనాను పక్కకు పిలిచాను. ఆమె అకౌంట్స్ విభాగంలో చైనీయురాలు, తొమ్మిది మందిలో అత్యంత నిలకడైన ముక్కు. మొదటి విడతలో బ్లాక్‌కరెంట్ అని, అదే గ్లాసుకు రెండో విడతలో ఏప్రికాట్ అని ఎందుకు గుర్తు పెట్టారని అడిగాను. తాను బ్లాక్‌కరెంట్‌ను చూసింది దగ్గుమందు సీసా మీది బొమ్మలోనేనని, ఏప్రికాట్ తిన్నది ఎండబెట్టినదేనని, గూస్‌బెర్రీ పక్షో పండో కూడా తనకు తెలియదని ఆమె తొణకకుండా చెప్పింది.

ముక్కులలో తప్పు లేదు. అంకెలలోనూ తప్పు లేదు. ఈ దేశంలో ఎవరూ కోసి తినని పండ్లతో పోల్చమని అడుగుతున్నాము. ఈ మాట గౌరికి చెప్పినప్పుడు ఆమె, శనివారం సంతలో పండ్లు తాను కొని తెస్తానని అంది.

సోమవారం ఉదయం ఆమె కారును గేటు దగ్గర ఆపేశారు. డిక్కీలో డురియన్ ఉంది, దూరం నుంచే కుళ్లినంత ఘాటుగా కొట్టే ముళ్ల పండు. మాల్ట్ గోదామున్న ఆవరణలోకి వాసన పట్టే పదార్థమేదీ రాకూడదని మా దగ్గర నిబంధన. ఆ నిబంధన రాసింది నేను. గేటు దగ్గరకు వెళ్లి, మూడు పొరల మూత డబ్బాలో ఉంచే షరతుతో మినహాయింపు మీద సంతకం చేసి, ఆ డబ్బాను నేనే పట్టుకొని గోదాము వెనుక దారిన పైలట్ గదికి చేర్చాను. గార్డు నవ్వును నేను గమనించనట్టే నడిచాను.

మూత ఉన్న ఎనిమిది కప్పులలో ఎనిమిది పండ్లు: మామిడి, జామ, అనాస, పనస, దాని చిన్న తమ్ముడి వంటి ఘాటైన చెంపెడాక్, మార్కిసా అనే పాషన్ ఫ్రూట్, చిన్న ఆకుపచ్చ నిమ్మ, డురియన్. కప్పుల మీద పేర్లు లేవు, నంబర్లే. ఈసారి మాటలు రాయమనలేదు. హాప్ గ్లాసు వాసన చూసి, దానికి అన్నిటికన్నా దగ్గరగా ఉన్న కప్పు నంబరు వేయమన్నాము.

పత్రాలు చేతికి రాగానే కూడిక మొదలుపెట్టాను. సిట్రా అనే హాప్‌కు తొమ్మిదిలో ఏడుగురు మామిడి కప్పు నంబరు వేశారు. ఎల్ డొరాడోకు ఆరుగురు అనాస. మరో రెండు రకాలకు నిమ్మ, స్పష్టంగా. రెండోసారి లెక్క వేశాను. అవే అంకెలు. కలం బల్ల మీద పెట్టి మణికట్టు పట్టుకొని చూసుకున్నాను. నాడి నిమిషానికి తొంభై ఆరు. నాకు మామూలుగా డెబ్బై రెండు. ఒక ట్యాంకు పేలిపోయిన రోజున కూడా తొంభై దాటలేదు. గౌరి గది ఆ చివర నుంచి ఈ చివరకు నడుస్తూ, మిగిలిన జామకాయ కొరుకుతూ, చదవండి మావయ్యా, చదవండి అంటూనే ఉంది.

అయిదో హాప్ మొజాయిక్. దానికి ఆరుగురు వేసిన నంబరు డురియన్‌ది. అంతే కాదు, ఇష్టాయిష్టాల మార్కులలో అన్నిటికన్నా ఎక్కువ దానికే. బృందంలో సరవాక్ నుంచి వచ్చిన జెరాల్డ్ అనే ఎలక్ట్రీషియన్ తన పత్రం కింద ఒక వాక్యం కూడా రాశాడు: ఇది మా అత్తగారి వసారా వాసన, మెచ్చుకుంటూనే చెబుతున్నాను.

లిమ్ ఆ గ్లాసు వాసన చూసి తల అడ్డంగా ఊపాడు. అతడు యూరప్‌లో బ్రూయింగ్ చదివినవాడు. అక్కడ ఈ వాసనను ఉల్లిపాయ అంటారని, దోషంగా లెక్కిస్తారని చెప్పాడు. డురియన్‌కూ ఉల్లికీ వాసనలో ఉమ్మడిగా ఉన్నవి గంధకపు పదార్థాలే కనుక లిమ్ మాటా బృందం మాటా రసాయనికంగా ఒకటే. కానీ మన బీరు తాగేవాళ్లు ఈ దేశంలో ఉన్నారని గౌరి వాదించింది. అంకెలు ఆమె వైపు ఉన్నాయి. నేను అంకెల వైపు నిలబడ్డాను. లిమ్ ఒప్పుకున్నాడు.

రెండో కాపు అక్టోబరులో జరిగింది. పేల్ మాల్ట్ అరవై శాతం, ఓట్స్ ఇరవై, గోధుమ మాల్ట్ ఇరవై. హాప్స్‌ను మరిగే కెటిల్‌లో దాదాపు వేయలేదు, ఎందుకంటే ఆవిరితోపాటు వాసన కూడా వెళ్లిపోతుంది. మంట ఆపి, ఎనభై డిగ్రీలకు చల్లారాక కొంత, పులియడం ముగిసే దశలో మిగిలినదంతా వేశాము. ఈ రెండోదాన్ని డ్రై హాపింగ్ అంటారు. లీటరుకు ఎనిమిది గ్రాముల చొప్పున నూట అరవై గ్రాములు, అందులో సగం మొజాయిక్, సగం సిట్రా. తాజా బీరుకు బృందం 7.4 ఇచ్చింది. మసక మీటరు నలభై ఎనిమిది చూపింది. జీవితమంతా ఒకటి దాటితే ఆపిన వేలితో ఆ నలభై ఎనిమిది పక్కన సరి అని గుర్తు పెట్టాను. ఆ సాయంత్రం గౌరి అందరికీ తేతారిక్ అనే నురగ టీ తెప్పించింది. అసిస్టెంట్ బ్రూవర్ గారూ అని లిమ్ హాస్యమాడాడు.

ఐదు వందల లీటర్లకు ఉత్తర్వు రాయడానికి ముందు నేను కొంత గడువు అడిగాను. పరీక్షశాల అలవాటు ప్రకారం ఏ బీరునైనా కొన్ని సీసాలు దాచి, రెండు వారాల తరువాత మళ్లీ చూస్తాము. కర్మాగారం నుంచి దుకాణానికి, అక్కడి నుంచి తాగేవాడి చేతికి చేరడానికి కనీసం అంత సమయం పడుతుంది. సీసాలు తీసేసరికి పై సగం తేరుకొని గడ్డి రంగులో మెరుస్తోంది. అడుగున తెల్లని మడ్డి. మీటరు పంతొమ్మిది. ఇరవై తొమ్మిదేళ్లలో బీరు తేటగా ఉన్నందుకు నా గుండె జారిపోవడం అదే మొదటిసారి.

మూత తీశాక ఇంకో దెబ్బ. మామిడి వాసన తగ్గిపోయింది. పండు వెనుక దాగిన గంధకం ఒంటరిగా మిగిలింది. ఇప్పుడు అది డురియన్ కాదు, పచ్చి ఉల్లిపాయే. బృందం ఇచ్చిన సగటు 5.1. జెరాల్డ్ పత్రం కింద ఈసారి ఏమీ రాయలేదు.

ఆ రోజే నేను నిబంధన మార్చమని లిమ్‌ను కోరాను. ఇకపై తాజా బీరు మార్కు నమోదు కోసమే. నిర్ణయం రెండు వారాల తరువాతి మార్కు మీద. అతడు ఒప్పుకున్నాడు. గది బయట గౌరి నన్ను నిలదీసింది.

“మావయ్యా, ఏటి పని ఇది? మూడోది కాసి, పులిసి, అయ్యేసరికి డిసెంబరు వచ్చేస్తాది. పైన ఇంకా రెండు వారాలా? మీరు రిటైరైపోతారు. నేను మళ్లీ రాత్రుల్లు క్యాన్లు ఏరుకోవాల.”

తాగేవాడు తాగే రోజున బీరు ఎలా ఉంటుందో అదే లెక్క అని నేను చెప్పాను. ఆమె మరునాడు సార్ అని పిలిచింది, ఇద్దరమే ఉన్నప్పుడు కూడా.

మూడో కాపుకు మాల్ట్ విషయంలో మా ఇద్దరికీ అభిప్రాయం కలవలేదు. మసక నిలవలేదు కనుక ఓట్స్, గోధుమ ఇంకా పెంచాలని ఆమె వాదం. వినడానికి న్యాయంగానే ఉంది. నా అనుమానం దానికి విరుద్ధం. ధాన్యపు మాంసకృత్తులు అతిగా ఉంటే అవి గుంపులు కట్టి, బరువెక్కి, అడుగుకు దిగి, వెంట మసకనూ లాక్కుపోతాయని నా ఊహ. ఊహకు అంకె లేదు కనుక దాన్ని నేనూ నమ్మలేదు. లీటరు బీకర్లలో మూడు చిన్న కాపులు పెట్టాము: ఓట్స్, గోధుమ కలిపి పదిహేను శాతం ఒకటి, ముప్పై ఒకటి, నలభై ఐదు ఒకటి. పులిసిన తరువాత మంచులో నిలిపి రోజూ మీటరు చదివాము. మొదట నలభై ఐదు శాతం బీకరే అన్నిటికన్నా మసకగా ఉంది. గౌరి నా వైపు చూసింది. వారం తిరగకుండానే దాని అంకె కూలింది. ముప్పై శాతం బీకరు దాని వెనుకే. పదిహేను శాతం బీకరు మొదటి రోజు ఎంతో చివరి రోజూ దాదాపు అంతే. ఆ ఉదయం మీటరు చదివింది ఆమే. తలెత్తి, చాలా రోజుల తరువాత, “మావయ్యా, మీదే బోలె లా” అంది. సరే, కుదురుతుంది అనడానికి ఇక్కడ అందరూ వాడే మలయ్ మాట బోలె.

హాప్స్ దగ్గర నేను తగ్గాను. మొజాయిక్‌ను పూర్తిగా తీసేయడమే క్షేమమని నా అభిప్రాయం. గౌరి పట్టు విడవలేదు. తొమ్మిది మందికీ నచ్చినదాన్ని భయంతో పారేస్తే మిగిలేది ఎక్కడైనా దొరికే బీరేనని, ఎసరులో ఇంగువ కొండంత వేసినవాడు తప్పు ఇంగువదని అనకూడదని ఆమె అంది. దీనికి నా దగ్గర ఎదురు అంకె లేదు. మొజాయిక్‌ను ఎనభై నుంచి ఇరవై గ్రాములకు తగ్గించి, సిట్రా తొంభై, అనాస వాసన కోసం ఎల్ డొరాడో యాభై ఖాయం చేశాము. గుళికలు బీరులో ఉండే సమయాన్నీ సగం చేశాము. ఓట్స్ ఎనిమిది శాతం, గోధుమ ఏడు, మిగిలినది పేల్ మాల్ట్.

తాజా రుచి పరీక్ష డిసెంబరు మొదటి వారంలో జరిగింది. సగటు 6.9. దాదాపు అందరూ ఒకే ఫిర్యాదు రాశారు: గొంతులో చిన్న మంట, పచ్చి ఆకు నమిలినట్టు. లిమ్ దయగల మనిషి. 6.9ని ఏడుగా సవరించవచ్చు కదా అని, గౌరి వినేలాగే, నన్ను అడిగాడు. 6.9 అంటే 6.9 అని చెప్పాను. పైగా మనం రాసుకున్న నిబంధన ప్రకారం ఈ అంకెతో నిర్ణయమే లేదని గుర్తు చేశాను. గౌరి గ్లాసులు ఒక్కొక్కటే కడిగి బోర్లించింది.

ఆ తరువాతి రెండు వారాలు ఆమె తన లాకరు సర్దుకోవడం నేను చూశాను. నేనూ రోజూ శీతల గదికి వెళ్లి, సీసా ఎత్తకుండా, వెనుక నుంచి వెలుతురు పట్టి చూసి వచ్చేవాణ్ణి. అడుగున మడ్డి గీత పడలేదు.

చివరి పరీక్ష క్రిస్మస్‌కు ముందు వారంలో జరిగింది. ముందుగా మీటరు: తాజాగా నలభై ఆరు, ఇప్పుడు నలభై మూడు. మసక నిలిచింది. తరువాత తొమ్మిది మంది, తొమ్మిది నల్ల గ్లాసులు, పక్కనే ఆ ఉదయం కోసిన పండ్ల కప్పులు. పచ్చి ఆకు మంట సద్దుమణిగింది. హాప్ పొడి నుసి దిగిపోవడంతో అది పోతుంది. దానికి కావలసింది సమయమే. ఏడుగురు మామిడి కప్పును, నలుగురు అనాసను గుర్తించారు. ఒకటికన్నా ఎక్కువ గుర్తించే వీలిచ్చాము. డురియన్ కప్పును గుర్తించినవాడు ఒక్క జెరాల్డే. పత్రం కింద రాశాడు: అత్తగారు వచ్చారు, గుమ్మం దగ్గరే ఉన్నారు, బాగుంది.

కూడిక నేను చేస్తుండగా గౌరి బల్లకు ఆ పక్కన నిలబడింది.

“ఎంతయినాది?”

పత్రాలు తిప్పి మళ్లీ లెక్క వేశాను.

“మావయ్యా, ఎంతయినాది సెప్పండి.”

“7.6,” అన్నాను.

ఆమె కుర్చీ లాక్కొని కూర్చుంది. కొంచెం సేపు నవ్వింది. తరువాత, ఆ రెండు వారాల రూలు లేకుంటే 6.9 దగ్గరే తన పని అయిపోయేదని, అది తెలిసి కూడా తాను నన్ను తిట్టుకుందని, ఆ తిట్లు ఇప్పుడు వెనక్కి తీసుకోనని, దాచి ఉంచుతానని చెప్పింది. నాకు అభ్యంతరం లేదన్నాను.

ఐదు వందల లీటర్ల ఉత్తర్వు మీద లిమ్ ఆ వారంలోనే సంతకం చేశాడు. జనవరి నుంచి గౌరి అసిస్టెంట్ బ్రూవర్. క్యాన్ల గోదాముకు వేరే చోటు చూసుకున్నారు. ఏడాది తరువాత నేను విరమించాను.

ఈ వ్యవహారం వల్ల నాకు తెలిసినది ఇంతే. అంకె నమ్మదగినదే. అయితే కొలిచేవాడికి తెలిసిన వస్తువుతో పోల్చి, వాడేవాడు వాడే రోజున కొలిచినప్పుడే అది అంకె అవుతుంది. మా కర్మాగారంలో ఇప్పటికీ వాడే రుచి పత్రంలో గూస్‌బెర్రీ లేదు. ఎనిమిదో వరుసలో డురియన్ ఉంది. ప్రతి వరుసకూ ఎదురుగా రెండు గళ్లు ఉంటాయి, తాజాగా ఒకటి, రెండు వారాలకు ఒకటి. సంతకం రెండో గడి పక్కన చేయాలి.